గాలం గుచ్చుకుంటే వెనక్కి లాగకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో కొర్రమేను కోసం గాలాలు పడతాయి. ఆ రోజుల్లో మా క్లినిక్‌కి వేలికి గాలంతో వచ్చేవాళ్లు చెప్పేది ఒకటే: "ఆయ్, లాగానండీ. రాలేదండీ."

ఎలా వస్తుందండీ?

అపోహ: ఒక్క లాగు గట్టిగా లాగితే వచ్చేస్తుంది.

గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. చేప జారిపోకుండా పట్టి ఉంచేది అదే. మీ వేలిలోనూ అదే చేస్తుంది. లాగినకొద్దీ కండని చీలుస్తుంది, పక్కనే నరాలు, రక్తనాళాలు. అందుకే మేం చాలాసార్లు మత్తిచ్చి, మొనని ముందుకే తోస్తాం. బయటికొచ్చిన ముల్లుని కటింగ్ ప్లయర్‌తో తుంచేస్తాం. ఆ ముక్క ఎగిరి కంట్లో పడకుండా గాజుగుడ్డ అడ్డం పెడతాం. ముల్లు పోయాక మిగిలింది వట్టి తీగ, వచ్చిన దారినే వచ్చేస్తుంది.

ఓసారి లంక నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. అడ్డంగా ఉందని వాళ్ల బావ గాలం కాడని చర్మం దాకా కత్తిరించేశాడు. పట్టుకోడానికి ఏమీ మిగల్లేదు, కోసి వెతకాల్సి వచ్చింది. తల్లి "వేలు తీసేస్తారా బాబూ" అని ఒకటే ఏడుపు. తియ్యమమ్మా, టెన్షన్ పడకు అన్నాను. కుర్రాడు మాత్రం గాలం తిరిగిస్తారా అని అడిగాడు!

కాబట్టి కాడ జోలికి పోకండి. తంగూసు మాత్రం కత్తిరించి, గాలం కదలకుండా టేపు వేసుకుని రండి. దారం కట్టి లాగే వీడియోలు అబద్ధం కాదు. కానీ కాడని కిందికి నొక్కి ముల్లుని విడిపించాకే లాగాలి. నేర్చుకోనివాళ్లు చేయొద్దు. చెవి తమ్మెకి ఆ పద్ధతి అసలు పనికిరాదు.

కంట్లో దిగితే ఎవరూ ముట్టుకోకూడదు. కన్ను నొక్కకుండా పైన పేపర్ కప్పు బోర్లించి టేపు వేసి, నేరుగా కంటి ఆసుపత్రికి.

అపోహ: కొత్త గాలం, తుప్పు లేదు, టీటీ ఎందుకు?

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. పెంటకుప్పలో వానపాములు తవ్విన చేతులతోనే కదా ఎర గుచ్చారు! చివరి డోసు పడి 5 ఏళ్లు దాటితే వేయించుకోండి. అయితే ఆ ఇంజక్షన్ ధనుర్వాతానికే, చీముకి కాదు.

అపోహ: ఉప్పునీరు తగిలితే పుండు మానిపోతుంది.

అంతర్వేది దగ్గర నదీ సముద్రమూ కలిసేచోట ఉండేలాంటి వెచ్చటి ఉప్పుటి నీళ్లలో ప్రమాదకరమైన బ్యాక్టీరియా బతుకుతుంది. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి మరీ ముప్పు. ఎరుపు వేగంగా పాకినా, బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, పెద్దాసుపత్రికి వెళ్లండి.

సున్నం, కిరోసిన్ గురించి ఏం చెప్పను? వద్దు. సబ్బు, మంచినీళ్లు చాలు.

సంచిలో ఎర డబ్బా పక్కనే సబ్బు, నీళ్ల బాటిల్, గాజుగుడ్డ, టేపు, కటింగ్ ప్లయర్ పెట్టుకోండి. ఆ ప్లయర్‌తో ఇంట్లోనే గాలం ముల్లుని నొక్కి చదును చేసేయండి, పిల్లల గాలాలకైతే తప్పకుండా. చేప పోతుందంటారు. తంగూసు బిగువు వదలకపోతే ఎక్కడికీ పోదు.