వార్ధక్యంలో దారి తప్పడం: సెరటోనిన్ గ్రాహకాలపై ప్రశ్న ఎలా పుట్టింది?

వయసు మీదపడినవారు పేర్లు మరచిపోవడాన్ని అందరూ గమనిస్తారు. కొత్త వీధుల్లో దారి పట్టలేక తికమకపడటాన్ని మాత్రం ఇంటివారు సైతం ఆలస్యంగా గుర్తిస్తారు. ఈ లోపానికీ మెదడు కణాలపై ఉండి సెరటోనిన్ అనే రసాయన సందేశాన్ని అందుకునే గ్రాహకాలకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నకు మూలాలు 1948లో ఉన్నాయి. ఆ ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ రక్తనాళాలను సంకోచింపజేసే పదార్థాన్ని సీరం నుంచి వేరుచేసి దానికి సెరటోనిన్ అని పేరుపెట్టారు. అదే ఏడాది మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ టోల్మన్, ఎలుకలు మలుపులను బట్టీపట్టవనీ, పరిసరాల పటాన్ని మనసులో నిర్మించుకుంటాయనీ వాదించారు. ఈ రెండు పరిశోధనలూ చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి.

సెరటోనిన్ మెదడులోనూ ఉందని 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ చూపారు. టోల్మన్ చెప్పిన పటానికి ఆధారం 1971లో దొరికింది. ఎలుక ఒక నిర్దిష్ట చోటికి చేరినప్పుడే స్పందించే కణాలను, మెదడులో జ్ఞాపకానికి కీలకమైన భాగమైన హిప్పోకాంపస్‌లో జాన్ ఓకీఫ్ గుర్తించారు. ఆ కృషికి 2014లో నోబెల్ లభించింది. ముసలి ఎలుకల్లో చోటును గుర్తుపెట్టుకునే సామర్థ్యం తగ్గుతుందని 1979లో కరోల్ బార్న్స్ నిరూపించగా, రిచర్డ్ మోరిస్ రూపొందించిన నీటితొట్టి పరీక్ష దానిని కొలిచే ప్రామాణిక పద్ధతి అయింది. నీటి అడుగున కనబడకుండా ఉంచిన దిమ్మెను ఎలుక చుట్టూ ఉన్న గుర్తుల ఆధారంగా వెతుక్కోవాలి. దిమ్మెను పైకి కనబడేలా ఉంచి మళ్లీ పరీక్షిస్తే, లోపం చూపులోనో ఈతలోనో ఉందా, లేక జ్ఞాపకంలో ఉందా అన్నది తేలుతుంది.

సెరటోనిన్ గ్రాహకాల విషయం ఇంత సూటిగా లేదు. 1957లో రెండు రకాలుగా భావించినవి నేడు ఏడు కుటుంబాలయ్యాయి. వాటిలో 1ఎ రకం హిప్పోకాంపస్ కణాల ఉత్తేజాన్ని అణచుతుంది. అదే గ్రాహకం మెదడు కాండంలో సెరటోనిన్‌ను తయారుచేసే రాఫే కణాలపై ఉన్నప్పుడు సెరటోనిన్ విడుదలనే తగ్గిస్తుంది. ఒకే మందు ఒకే గ్రాహకం ద్వారా రెండుచోట్ల రెండు విధాలుగా పనిచేయగలదు కాబట్టి, ప్రయోగాల ఫలితాలు పొసగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ గ్రాహకం లేని చిట్టెలుకలు నీటితొట్టిలో వెనుకబడ్డాయని 2000లో వెల్లడైంది. అయితే పుట్టుకతోనే గ్రాహకం లేకపోవడం, వయసుతో క్షీణించడం ఒకటి కావు. మానవుల్లో రెండో కుటుంబపు గ్రాహకాలు వయసుతో తగ్గుతాయని 1984లో మెదడులోని గ్రాహకాలను చిత్రించే పెట్ స్కాన్‌లు చూపాయి గానీ, ఆ కొలత మెదడు ముందుభాగపు పైపొరది (నుదుటి వల్కలం), హిప్పోకాంపస్‌ది కాదు.

అసిటైల్‌కోలిన్ అనే, జ్ఞాపకానికి తోడ్పడే మెదడు రసాయనం విడుదలను పెంచుతాయన్న ఆశతో ఆరో కుటుంబపు సెరటోనిన్ గ్రాహకాన్ని నిరోధించే మందులను అల్జీమర్స్ రోగులపై పరీక్షించారు. వాటిలో ఇంటెపిర్డిన్ 2017లో తుది దశలో విఫలమైంది. ఇడలోపిర్డిన్‌దీ అదే ఫలితం. ఈ వైఫల్యాలు దారి గుర్తింపు ప్రశ్నకు ముగింపు కావని నా అభిప్రాయం. ఆ పరీక్షల్లో ప్రధాన కొలమానం అడాస్-కాగ్ అనే, అల్జీమర్స్ రోగుల జ్ఞాపకశక్తినీ ఆలోచనాశక్తినీ అంచనా వేసే ప్రశ్నావళి. అందులో రోగి పదాలు గుర్తుచేసుకోవాలి, బొమ్మలు గీయాలి, తేదీ, స్థలం చెప్పాలి; దారి వెతికి గమ్యం చేరే అంశం అందులో లేదు.