ప్లేటులో కాలేయ కణాలు, సీసాలో యాంటీఆక్సిడెంట్లు: అపోహలు - వాస్తవాలు

మూలకణాల (ఇతర రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) నుంచి ల్యాబు ప్లేట్లలో కాలేయ కణాలను పెంచి, వాటిపై మందులను, పోషకాలను పరీక్షించడం నా వృత్తి. ఈమధ్య సప్లిమెంట్ల ప్రచారంలో మా రంగం పేరు తరచూ వినిపిస్తోంది. మూలకణాలతో పెంచిన కాలేయ కణాల్లో ఫలానా యాంటీఆక్సిడెంట్ ఇన్‌ఫ్లమేషన్‌ను (కణజాలంలో వాపు, మంట) తగ్గించిందట, కాబట్టి రోజూ రెండు మాత్రలు వేసుకోవాలట. ప్రయోగం నిజమే అయి ఉండవచ్చు. కానీ ఆ ప్రయోగానికీ ఆ రెండు మాత్రలకూ మధ్య ఎంత దూరం ఉందో ప్రచారం చేసేవారు చెప్పరు. కాలేయ జబ్బుతో ఉన్నవారు ఆ మాటలు నమ్మి డబ్బు, ఒక్కోసారి ఉన్న ఆరోగ్యం కూడా పోగొట్టుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్లేటులో పెంచినవి అచ్చం మన కాలేయంలోని కణాలే.

వాస్తవం: పోలిక చాలా ఉంది, పూర్తిగా లేదు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక బృందం 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి చర్మ కణాలను మూలకణ స్థితికి వెనక్కి తీసుకువెళ్లింది. అలాంటి కణాలకు యాక్టివిన్-ఎతో మొదలుపెట్టి బీఎంపీ4, ఎఫ్‌జీఎఫ్2, హెచ్‌జీఎఫ్, చివర్లో ఆంకోస్టాటిన్-ఎం అనే సంకేత ప్రొటీన్లను అందిస్తూ దాదాపు మూడు వారాలు సాకితే కాలేయ కణాల రూపు వస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే పలకలుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కణాల నడుమ పైత్యరసం చేరే సన్నని దారులు గీతల్లా మెరుస్తాయి. రక్తంలోని ముఖ్య ప్రొటీన్ అల్బుమిన్‌ను చక్కగా తయారుచేస్తాయి. అయితే గర్భస్థ శిశువు కాలేయంలో ఉండే ఆల్ఫా ఫీటో ప్రొటీన్‌ను కూడా వదలకుండా తయారుచేస్తూనే ఉంటాయి. మందులను విడగొట్టే సీవైపీ ఎంజైములు పెద్దవారి కాలేయంతో పోలిస్తే బాగా తక్కువ.

ఈ లోటు వల్ల ఫలితాలే తారుమారు కావచ్చు. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు కాలేయాన్ని దెబ్బతీసేది నిజానికి న్యాప్‌క్వి అనే పదార్థం. పారాసిటమాల్‌ను అలా మార్చేది సీవైపీ2ఇ1 వంటి ఎంజైములు. ఆ ఎంజైమే అంతంతమాత్రంగా ఉన్న కణాల్లో విషం సరిగా తయారు కాదు. అప్పుడు కణాలు బతికి ఉంటే ఆ ఘనత పక్కనే వేసిన యాంటీఆక్సిడెంట్‌కు దక్కే ప్రమాదం ఉంది. అది వేయని ప్లేటు కూడా అంతే క్షేమంగా ఉందా అన్నది ముందు చూడాలి.

అపోహ: యాంటీఆక్సిడెంట్ వేశాక మార్పు కనిపించిందంటే అది కణం లోపల పనిచేసినట్టే.

వాస్తవం: నేను అందరికంటే ఎక్కువగా పట్టుబట్టేది ఇక్కడే. ముందు మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) సీసాలో ఏముందో చదవాలి. కణాల పెంపకంలో తరచూ వాడే ఆర్‌పీఎంఐ 1640 అనే మీడియంలో లీటరుకు 1 మిల్లీగ్రాము గ్లూటాథయోన్ అనే యాంటీఆక్సిడెంట్ ముందే ఉంటుంది. దానికి కలిపే బీ27 అనే పోషక మిశ్రమంలో విటమిన్-ఇతో పాటు, ఆక్సిడెంట్లను తొలగించే ఎంజైములైన కెటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఉంటాయి. మామూలుగా చేర్చే ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్ మిశ్రమంలో సెలీనియం కూడా ఉంటుంది. పెరాక్సైడ్‌ను తొలగించే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఎంజైము పనిచేయాలంటే ఆ సెలీనియమే కావాలి. ఇలాంటి మీడియంలో యాంటీఆక్సిడెంట్‌ను పరీక్షించడం, ఉప్పు వేసిన పప్పులో ఇంకో చిటికెడు వేసి ఉప్పు రుచిని తేల్చడం లాంటిది. యాంటీఆక్సిడెంట్లు తీసేసిన బీ27 విడిగా దొరుకుతుంది. ఏ రకం వాడారో రాయని నివేదికను నేను నమ్మను.

రెండోది, పదార్థం తీరు. గ్రీన్ టీలోని ఈజీసీజీని కణాలే లేని మీడియంలో కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచినా కొన్ని గంటల్లో రంగు మారుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అంటే యాంటీఆక్సిడెంట్ అనుకుని వేసినదే ప్లేటులో ఆక్సిడెంట్‌ను తయారుచేస్తోంది. కణాలు స్పందించింది ఈజీసీజీకా, ఆ పెరాక్సైడ్‌కా? పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ కలిపి మళ్లీ చూస్తే గానీ తేలదు. పసుపులోని కుర్కుమిన్ సంగతి మరోలా ఉంటుంది. సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) లేని తటస్థ ద్రావణంలో, శరీర ఉష్ణోగ్రత దగ్గర అరగంటలోనే సుమారు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. పైగా దానికి సొంతంగా ఆకుపచ్చ ఫ్లోరెసెన్స్ (కాంతి పడితే వెలిగే గుణం) ఉంది. ఆక్సిడేటివ్ ఒత్తిడిని (కణంపై ఆక్సిడెంట్ల దాడిని) కొలిచే డీసీఎఫ్ డై వెలిగేది కూడా ఆకుపచ్చగానే. డై లేకుండా కుర్కుమిన్‌ను ఒక్కదాన్నే వేసిన ప్లేటు పక్కన లేకపోతే ఆ కొలతకు అర్థం లేదు.

మూడోది ఆక్సిజన్. కణాలను పెంచే ఇన్‌క్యుబేటర్ పెట్టెలో అది 18 శాతానికి పైనే ఉంటుంది. కాలేయంలో రక్తం లోపలికి వచ్చే పోర్టల్ సిర వైపు సుమారు 8, 9 శాతం, రక్తం బయటికి వెళ్లే వైపు 4, 5 శాతం. అలాగని ప్లేటులో ఎప్పుడూ ఎక్కువే అందుతుందనీ చెప్పలేము. కాలేయ కణాలు ఆక్సిజన్‌ను విపరీతంగా వాడేస్తాయి. మీడియం ఎక్కువ లోతుగా పోస్తే అడుగున ఉన్న కణాలకు అది చాలకపోవచ్చు. మీడియం ఎన్ని మిల్లీలీటర్లు పోశారన్న చిన్న వివరంతో కూడా ఫలితం మారుతుంది.

అపోహ: కాలేయ కణాల్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గితే కాలేయంలోనూ తగ్గుతుంది.

వాస్తవం: కాలేయంలో ఇన్‌ఫ్లమేషన్‌ను చాలావరకు రాజేసేది కుఫర్ కణాలు (కాలేయంలోనే ఉండే రోగనిరోధక కణాలు), బయటి నుంచి వచ్చి చేరే తెల్ల రక్తకణాలు. అవి ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేస్తే కాలేయ కణం స్పందించి, ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తైన సీఆర్‌పీ ప్రొటీన్‌ను తయారుచేస్తుంది, మందులను విడగొట్టే సీవైపీ3ఎ4 ఎంజైమును తగ్గించుకుంటుంది. కాలేయ కణాలు మాత్రమే ఉన్న ప్లేటులో సంభాషణలో ఒక పక్షమే వినిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కాలేయ కణాల మీడియంలో దాదాపు ఎప్పుడూ డెక్సామెథసోన్ ఉంటుంది. అది స్టెరాయిడ్. ఇన్‌ఫ్లమేషన్‌ను గట్టిగా అణిచే మందు కలిసిన ప్లేటులో మరో పదార్థం ఎంత అణిచిందో చెప్పాలంటే డెక్సామెథసోన్ లేకుండానూ చూపాలి. ఈ లోటు తీర్చే పని మొదలైంది. శాస్త్రవేత్త తకనోరి తకెబె బృందం 2019లో కుఫర్ కణాల వంటివి, స్టెల్లేట్ కణాల (కాలేయంలో మచ్చను ఏర్పరిచేవి) వంటివి కూడా ఉన్న కాలేయ ఆర్గనాయిడ్లను (అవయవాన్ని పోలిన చిన్న కణముద్దలు) మూలకణాల నుంచి పెంచి, కొవ్వు ఆమ్లాలతో స్టియాటోహెపటైటిస్ (కొవ్వు చేరి కాలేయం వాచే జబ్బు) లక్షణాలు తెప్పించింది. ప్రశ్న ఇన్‌ఫ్లమేషన్ గురించి అయితే నా ఓటు అలాంటి నమూనాకే.

అపోహ: యాంటీఆక్సిడెంట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: కాదు. కణంలో కొద్దిపాటి పెరాక్సైడ్ అవసరమైన సంకేతం. దాని తాకిడికి కీప్1 అనే ప్రొటీన్ పట్టు సడలి, అది పట్టి ఉంచిన ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి కణం సొంత రక్షణ ఎంజైములను తయారుచేయిస్తుంది. అదే ఎన్‌ఆర్‌ఎఫ్2 ఆగకుండా పనిచేసేలా చేసే ఉత్పరివర్తనలు కొన్ని కాలేయ క్యాన్సర్లలో కనిపిస్తాయి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చిన పెద్ద పరిశోధన 1994లో వెలువడింది. వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

అపోహ: పసుపు, గ్రీన్ టీ, తిప్పతీగ సహజమైనవి, కాలేయానికి హాని చేయవు.

వాస్తవం: కూరలో వేసే పసుపు గురించి, కప్పులో తాగే టీ గురించి నాకు ఏ ఆందోళనా లేదు. నా భయం గాఢమైన సారాల గురించి. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ హానిని నమోదుచేసే డిలిన్ బృందం 2022లో పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన 10 కేసులను వివరించింది. అందులో ఒకరు చనిపోయారు. 10 మందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బీ*35:01 అనే జన్యురూపం ఉంది. కొన్ని మాత్రల్లో, కుర్కుమిన్ బాగా ఒంటపట్టాలని కలిపే మిరియాల సారం కూడా ఉంది. గ్రీన్ టీ సారం విషయంలో యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. సప్లిమెంట్ల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరగవచ్చని చెప్పింది. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోనూ తిప్పతీగ కషాయం కాచుకున్నాము. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను మన దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ సంబంధాన్ని అంగీకరించలేదు. నా మాట సూటిగా చెబుతాను: ఇప్పటికే కాలేయ జబ్బు గానీ, రోగనిరోధక వ్యవస్థ తిరగబడే జబ్బు గానీ ఉన్నవారు వైద్యుడికి చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: అయితే యాంటీఆక్సిడెంట్లన్నీ దండగే.

వాస్తవం: ఇదీ తప్పే. పారాసిటమాల్ విషప్రభావానికి ఎన్-అసిటైల్ సిస్టీన్ ప్రాణం నిలిపే మందు. గ్లూటాథయోన్ తయారీకి కావలసిన ముడిసరుకును అందిస్తుంది, మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆసుపత్రికి పరుగెత్తడంలో ఆలస్యం చేయవద్దు. విటమిన్-ఇ కూడా ఒక పరీక్షలో నెగ్గింది. 2010లో వెలువడిన పివెన్స్ ట్రయల్లో, మధుమేహం లేని స్టియాటోహెపటైటిస్ రోగులకు రోజుకు 800 యూనిట్ల చొప్పున 96 వారాలు ఇచ్చారు. 43 శాతం మందిలో మెరుగుదల కనిపించింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 19 శాతం. అయితే కాలేయం గట్టిపడటంలో స్పష్టమైన తగ్గుదల లేదు. మన దగ్గర కొవ్వు కాలేయం ఉన్నవారిలో ఎందరికో మధుమేహం కూడా ఉంటుంది. అందుకే ఈ ఫలితాన్ని చూసి మందుల దుకాణంలో విటమిన్-ఇ కొనుక్కోవద్దు.

అపోహ: ల్యాబులో కాలేయ కణాలు పెరుగుతున్నాయంటే, సిర్రోసిస్‌కు మూలకణాల ఇంజక్షన్ వచ్చేసినట్టే.

వాస్తవం: రాలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఆమోదం ఉన్న మూలకణ చికిత్స రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ తరహా మార్పిడి మాత్రమే. మిగతావన్నీ క్లినికల్ ట్రయల్లోనే జరగాలి. ఎవరైనా లక్షలు అడిగితే ట్రయల్ రిజిస్ట్రీ నంబరు అడగండి. భారత క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ) వెబ్‌సైటులో ఆ నంబరును ఉచితంగా సరిచూసుకోవచ్చు.