బుడ్డల బస్తా ఎట్లా పడింది?

అనంతపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

అనుప్రాసతో, అంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ వినబడేట్టు, కథ రాయమని చెప్పినప్పటి నుంచి మీకందరికీ ఒకటే దిగులు, మార్కులు ఎట్లా పడతాయోనని. ఆ లెక్క ముందే చెప్తాను. కథ ఇచ్చేలోపు మీరే దిద్దుకోవచ్చు.

మొత్తం 20 మార్కులు. కథకు 8, అనుప్రాసకు 6, మాటల పొందికకు 4, అక్షరదోషాలు లేకుంటే 2. కథకే పెద్ద వాటా. ఎవరికి ఏమైందో తెలియకపోతే ఎంత చక్కని శబ్దమూ నిలవదు.

తాతా మనవడూ మట్టిబాట మీద బండిలో బుడ్డలు (వేరుశనగకాయలు) తీసుకుపోతుంటే వాన దిగిందనే కథ అనుకోండి. అందులో ఈ వాక్యం చూడండి: 'బుడ్డల బస్తా బండి మీంచి బుడుంగున పడింది.' నాలుగు మాటలు బకారంతో మొదలైనాయి. అయినా పొందికలో మార్కు తగ్గుతుంది. బుడుంగుమనేది నీళ్లలో పడితే. బస్తా పడింది మట్టిబాట మీద. బకారం కోసం లేని చప్పుడు తెచ్చిపెట్టినట్టయింది. 'దబ్బున పడింది' అనండి. చప్పుడు సరిపోయింది, మాట నడుమ 'బ్బ' కూడా ఉంది!

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంగ్లీషు పాఠంలోని అలిటరేషన్‌కు మాట మొదట్లోని శబ్దం ముఖ్యం. మన వృత్త్యనుప్రాసలో హల్లు మాటలో ఎక్కడున్నా లెక్కే. గుణింతం మారినా ఫర్వాలేదు. బ, బా, బు ఒకటే హల్లు. బ, భ మాత్రం వేరు. ఒక వాక్యంలో కనీసం మూడుసార్లు వినబడితేనే నేను లెక్కపెడతాను.

'వచ్చినాడు, తిన్నాడు, పోయినాడు'లో డు మళ్లీ మళ్లీ వచ్చింది కదా అనొద్దు. అది వ్యాకరణం ఇచ్చింది, మీరు ఏరుకున్నది కాదు. 'వెదురు గడ గడగడ వణికింది' అంటే వేరే సంగతి. గ, డ జంట వెంటనే అర్థం మారి వచ్చింది, ఛేకానుప్రాస. అట్లాంటిది ఒక్కటి కుదిరినా 6లో 2 దానికే ఇస్తాను.

పది వాక్యాల కథలో మూడు నాలుగు చోట్ల చాలు. బస్తా పడేచోట, వాన దిగేచోట పెట్టండి. తాతా మనవడూ మాట్లాడుకునేచోట వద్దు, ఇంట్లో ఎవరూ అట్లా మాట్లాడరు.

బుడ్డలు తప్పేమో, వేరుశనగ అనాలేమో అని కొట్టేయకండి. మన ఊరి మాటకు మార్కు కోయను. అర్థం తెలియకుండా నిఘంటువులోంచి తెచ్చిన మాటకే కోస్తాను.

రాసినాక గట్టిగా చదవండి. నాలుక తడబడినచోట గీత గీసి, మామూలు మాట పెట్టి చూడండి. కథ బాగుపడితే పాతమాట కొట్టేయండి. మళ్లీ సాపు రాయొద్దు, కొట్టివేతలతోనే ఇవ్వండి. ఏ మాట తీసి ఏది పెట్టినారో నాకు కనబడాల.

మీ తెలుగు అయ్యవారు