పచ్చనివన్నీ అడవులు కావు: విశాఖ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

చెరువు అడుగు నుంచి బురద తీసి, అందులో వేల ఏళ్ళుగా పేరుకున్న పుప్పొడిని, బొగ్గు నలుసులను లెక్కపెట్టి, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఏ మొక్కలుండేవో, వానలెలా పడేవో చెప్పడం మా పని. ఎకాలజీలో ఇదో చిన్న పాయ. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "మొక్కల సైన్సు" అని సరిపెట్టేస్తాను. అయినా వదలరు. హుద్‌హుద్ తుపాను నుంచి కొండకర్ల ఆవ సరస్సు దాకా ప్రతిదాని మీదా విశాఖలో ఒక అభిప్రాయం సిద్ధంగా ఉంటుంది. వాటిలో తరచూ వినిపించేవి, నాకు కాస్త చికాకు తెప్పించేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కొండలు పచ్చగా ఉన్నాయంటే అడవి బాగున్నట్టే

వానాకాలం చివర్లో హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే ఎడమ పక్క కంబాలకొండ అభయారణ్యం కళ్ళకు పండగలా ఉంటుంది. కారు అద్దంలోంచి చూసి "అడవి భలే పెరిగింది" అంటారు. ఆ పచ్చదనంలో ఏముందో లోపలికి వెళ్తేగానీ తెలియదు. చాలా చోట్ల నేలకు దగ్గరగా అల్లుకుని ఉండేది లాంటానా. రంగురంగుల చిన్న పూల గుత్తులతో కంచెలా పెరిగే మొక్క. దక్షిణ అమెరికా నుంచి తోటల అందం కోసం బ్రిటిష్ వాళ్ళు తెచ్చారు. దాని నీడలో మన చెట్ల పిల్లమొక్కలు లేవవు. పెద్ద చెట్లు ఉన్నన్నాళ్ళూ పైనుంచి అంతా బాగానే కనిపిస్తుంది. అవి పోయాక వాటి స్థానంలోకి వచ్చేవే ఉండవు.

సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండలో నిజంగా చూడాల్సింది అక్కడక్కడా మిగిలిన పొడి సతతహరిత అడవి. తూర్పు తీరానికే ప్రత్యేకమైన రకం ఇది. చెట్లు పొట్టివి, ఆకులు మందం. అల్లి, పాల వంటివి ఎండాకాలంలోనూ ఆకు రాల్చకుండా నిలబడతాయి. ఫొటోల్లో అందంగా పడదు పాపం, అందుకే దాన్ని తుప్పలు అనుకుని ఎవరూ పట్టించుకోరు.

పేపర్లో "అటవీ విస్తీర్ణం పెరిగింది" అన్న వార్త చదివినప్పుడు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి ఉపగ్రహ చిత్రాలతో ఈ లెక్కలు వేస్తోంది. దాని నిర్వచనంలో ఒక హెక్టారుకు తగ్గకుండా, 10 శాతానికి తగ్గని చెట్ల నీడ ఉన్న ఏ భూమైనా అటవీ విస్తీర్ణమే. ఎవరి భూమి, ఏ చెట్టు అన్న ప్రశ్న లేదు. మన జీడితోట, సరుగుడు తోట, జామాయిల్ తోట అన్నీ అందులోకే వస్తాయి. ఆ లెక్క తప్పని నేననను, చెట్ల నీడ కొలవడానికి అది మంచి పద్ధతే. దాన్ని అడవి ఆరోగ్యం లెక్కగా చదవడం దగ్గరే పొరపాటు.

అపోహ: తుపానులో పడిపోయిన చెట్లకు బదులు మొక్కలు నాటేశాం, లెక్క సరిపోయింది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. మర్నాడు ఊళ్ళో ఉన్నవాళ్ళకు నేను వర్ణించక్కర్లేదు. కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగులోకి మారాయి. రోడ్ల మీద సిమెంటు మధ్య ఇరుక్కుని, వేరు పరుచుకునే చోటులేని చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి.

ఆ తర్వాత వీధుల్లో పెద్ద ఎత్తున నాటిన వాటిలో ఏడాకులపాల ఒకటి. త్వరగా పెరుగుతుంది, పశువులు తినవు, గొడుగులా నీడనిస్తుంది. ఇప్పుడు ప్రతి ఏటా చలికాలం మొదట్లో దాని పూల ఘాటుకు తలనొప్పి వస్తోందనీ, ఆయాసం పెరుగుతోందనీ జనం గోల. దీన్ని "విదేశీ చెట్టు" అని తిట్టేవాళ్ళూ ఉన్నారు. అది విదేశీ కాదు, మన దేశపు చెట్టే. అడవిలో ఎక్కడో ఒకటి ఉంటే సాయంత్రం పూట ఆ వాసన బాగానే ఉంటుంది. వీధి పొడవునా అదే పెడితే ఒకేసారి అన్నీ పూస్తాయి, బాధంతా అక్కడొచ్చింది. దేశీయమా, విదేశీయమా అన్నదొక్కటే చూసి మొక్కల జాబితా రాసుకుంటే ఇలాగే ఉంటుంది.

అడవి సంగతి వేరు. అక్కడ తుపాను కొత్తేమీ కాదు, బంగాళాఖాతం ఒడ్డున అడవులు తుపానులు తింటూనే పెరిగాయి. కొమ్మ విరిగిన చోట మళ్ళీ చిగురు వేస్తాయి. అయితే నేల మీద ఒక్కసారిగా ఎండ పడేసరికి మొదట పరుగెత్తుకొచ్చేవి లాంటానా, తీగలు. ఏడాది తిరిగేసరికి పచ్చదనం తిరిగొస్తుంది. పాత జాతులు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది, అదీ విత్తనం మోసే పక్షులు మిగిలి ఉంటే.

అపోహ: వేల ఏళ్ళ కిందటి అడవి గురించి సైంటిస్టులు చెప్పేవన్నీ ఊహలే

ఈ మాట విన్నప్పుడు నాకు కోపం రాదు. మేము పని చేసే తీరు బయటికి తెలియకపోవడమే కారణం.

పుప్పొడి రేణువు పైపొర ప్రకృతిలో దొరికే అతి గట్టి సేంద్రియ పదార్థాల్లో ఒకటి. గాలి తగలని బురదలో పడితే వేల ఏళ్ళు చెక్కుచెదరదు. రెండు పడవలు కట్టి, మధ్యలో చెక్కలు పరిచి, పొడవాటి గొట్టాన్ని అడుగు బురదలోకి నిట్టనిలువుగా దించుతాం. మట్టి పొరలు కదలకుండా పైకి రావాలి, అదే టెన్షన్. గొట్టాన్ని నిలువునా చీల్చి, కొంచెం కొంచెం ఎడంగా చెంచాడు చొప్పున మట్టి తీస్తాం. ల్యాబులో ఒక ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది, ఇంకొకటి ఇసుకను కరిగిస్తుంది, క్షారం కుళ్ళిన పదార్థాన్ని తీసేస్తుంది. ఇసుకను కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును కూడా తినేస్తుంది, కాబట్టి ప్లాస్టిక్ గొట్టాల్లోనే పని. ఇన్ని ఆమ్లాలు తట్టుకుని చివరికి మిగిలేది పుప్పొడి. మైక్రోస్కోపు కింద ఒక్కో పొరకు సాధారణంగా 300 రేణువులైనా లెక్కపెడతాం. మెడ నొప్పి ఈ వృత్తికి జతగా వస్తుంది.

వయసు తేల్చడానికి రేడియోకార్బన్ ఉంది. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గిపోయే కాలం, 5730 ఏళ్ళు. గత నూటయాభై ఏళ్ళ పొరలకు సీసం-210 పనికొస్తుంది, దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్ళే. 1963 ప్రాంతంలో అణు పరీక్షల వల్ల ప్రపంచమంతా రాలిన సీజియం-137 కూడా బురదలో ఒక గీతలా దొరుకుతుంది. వందేళ్ళ పైబడిన ముడసర్లోవ లాంటి జలాశయాల పూడికకు ఈ రెండే ఆధారం. మన తీరంలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. సరుగుడు తోటలు ఈ ఒడ్డున 19వ శతాబ్దంలో వేయడం మొదలైంది. ఏ పొరలో సరుగుడు పుప్పొడి గుప్పున పెరిగిందో, అది బ్రిటిష్ కాలం, ఆ తర్వాతి పొర అని గుర్తు.

ఇలాగని అన్నీ తెలిసిపోతాయనీ కాదు. గాలికి ఎగిరే సరుగుడు, గడ్డి పుప్పొడి కుప్పలుగా దొరుకుతుంది. పురుగుల మీద ఆధారపడే చెట్ల పుప్పొడి అరుదు, చెరువు గట్టు మీదే చెట్టున్నా ఒక్క రేణువు కనిపించకపోవచ్చు. గడ్డి జాతుల రేణువులన్నీ ఒకేలా ఉంటాయి. వరికీ, అడవి గడ్డికీ తేడా చెప్పడం చాలా కష్టం. కాబట్టి "ఇక్కడ 40 శాతం మామిడి చెట్లుండేవి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. గడ్డి పెరిగిందా తగ్గిందా, నిప్పు ఎక్కువైందా అన్నది మాత్రం ధైర్యంగా చెప్పగలం.

అపోహ: కొండ మీద గడ్డి ఉందంటే అక్కడి అడవిని ఎవరో నరికేసినట్టే

అనంతగిరి, గాలికొండ వైపు వెళ్ళినవాళ్ళు ఎత్తైన గడ్డి వాలులు చూసి ఇదే అంటారు. వెంటనే "చెట్లు నాటాలి" అంటారు. కొన్ని చోట్ల నరికిన మాట నిజం. అన్ని చోట్లా కాదు. నీలగిరుల పీట్ బురద (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న నేల) మీద ఎకాలజిస్టు రామన్ సుకుమార్ బృందం 1993లో ప్రచురించిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడ గడ్డి, అడవి వేల ఏళ్ళుగా వాతావరణాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతూ వచ్చాయనీ, సుమారు 20,000 ఏళ్ళ కిందటి చల్లని పొడి కాలంలో గడ్డిదే పైచేయి అనీ ఆ బురదలోని కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు) చూపించాయి. అప్పటికి గొడ్డలి పట్టి కొండలు చదును చేసేవాళ్ళే లేరు. తూర్పు కనుమల గడ్డి భూములన్నీ అంత పాతవని దీని అర్థం కాదు. ఏ వాలు సంగతి ఆ వాలుదే. తవ్వి చూడకుండా సిల్వర్ ఓక్ నాటేయొద్దు, అంతే నేను చెప్పేది.

దీనికి తోక అపోహ ఒకటుంది: మన్యంలో అడవి పోవడానికి పోడే కారణమని. బురదలో బొగ్గు నలుసులు దొరికితే నిప్పు రేగిందని తెలుస్తుంది. ఎవరు పెట్టారో బొగ్గు చెప్పదు. పోడు పాత పద్ధతిలో కొండ వాలును కొన్నేళ్ళు సాగు చేసి, ఆ తర్వాత చాలా ఏళ్ళు వదిలేస్తారు. మళ్ళీ అడవి లేస్తుంది. భూమి తగ్గి, ఆ విరామం కుదించుకుపోయిన చోట నష్టం నిజమే. అయితే మాచ్‌ఖండ్, సీలేరు జలాశయాల కింద మునిగిందీ అడవే. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కోసం తొలిచిన కొండల మీద ఉన్నదీ అడవే. అవి అభివృద్ధి ఖాతాలోకి వెళ్ళాయి, పోడు మాత్రం నేరం ఖాతాలోకి. ఈ లెక్క నాకెప్పుడూ మింగుడుపడలేదు.

అపోహ: వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, ఇప్పుడు కొత్తేముంది?

మొదటి సగం అక్షరాలా నిజం. ఆ మార్పులను చదవడమే కదా మా జీవనోపాధి. 20,000 ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది, ఆర్‌కే బీచ్‌లో నిలబడితే అల కనిపించేది కాదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల కథ కూడా అలా సముద్రం వెనక్కీ ముందుకీ జరిగిన కాలానిదే. భూమి కక్ష్యలో వచ్చిన మార్పుల వల్ల సుమారు 9,000 నుంచి 6,000 ఏళ్ళ కిందటి వరకు నైరుతి రుతుపవనాలు ఇప్పటికంటే బలంగా ఉండేవి, తర్వాత నెమ్మదిగా తగ్గాయి.

మాట తేడా వచ్చేది వేగం దగ్గర. మంచు యుగం చివర భూమి సగటు ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెరగడానికి సుమారు పదివేల ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఒక డిగ్రీకి పైగా పెరగడానికి నూటయాభై ఏళ్ళే పట్టింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు 8 లక్షల ఏళ్ళ చరిత్ర చెబుతాయి. ఆ కాలమంతటిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 300 దరిదాపులను దాటలేదు. ఇప్పుడు 420 దాటింది.

అప్పట్లో వేడి పెరిగితే మొక్కల జాతులు కొండ ఎక్కేవి, లేదా ఉత్తరానికి జరిగేవి. తరాలు పట్టేది, దారి మాత్రం ఉండేది. ఇప్పుడు కంబాలకొండ జాతులకు ఒక పక్క జాతీయ రహదారి, మిగతా పక్కల లేఅవుట్లు. ఇక గాలికొండ శిఖరం మీద ఉన్న మొక్క ఇంకా పైకి ఎక్కడికి పోతుంది?

అపోహ: చెరువులో పూడిక తీసి, గట్టు కట్టి, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తే చెరువు బాగుపడుతుంది

సాగు చెరువులకు పూడికతీత అవసరం, మన పెద్దలు ఏటా చేసిందీ అదే. పూడిక మట్టి పొలానికి బలం కూడా. నా అభ్యంతరం కొండకర్ల ఆవ లాంటి సహజమైన లోతులేని మడుగులను కూడా అదే కొలతతో చూడటం మీద. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సుగా దీన్నే చెబుతారు. తాటి దోనెల మీద తిరిగి వచ్చినవాళ్ళకు తెలుసు, అక్కడి అందమంతా అంచుల్లోనే ఉంటుంది. నీళ్ళకూ నేలకూ మధ్య గీత గీసినట్టుండదు. వేసవిలో నీరు వెనక్కి జరిగితే "ఆవ చచ్చిపోతోంది" అని కంగారు పడతారు. ఆ తేలిన బురదలోనే విత్తనాలు మొలుస్తాయి, మోకాలు మునగని నీళ్ళలోనే పొడవు కాళ్ళ పక్షులు మేస్తాయి. నిటారుగా తవ్వి గట్టు పోస్తే లోతు నీళ్ళు మిగులుతాయి, పక్షులు మిగలవు.

గుర్రపుడెక్క సంగతి వేరు, దాని మీద నాకు జాలి లేదు. అమెజాన్ నుంచి వచ్చిన ఈ మొక్క పోషకాలు బాగా దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. కింద వెలుతురు ఉండదు, ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పోతాయి. పైనుంచి చూస్తే మాత్రం మళ్ళీ అదే పచ్చదనం! ఏటా పీకించి బిల్లు కట్టడం కంటే ఇళ్ళ మురుగును, పొలాల ఎరువును నీళ్ళలోకి రాకుండా ఆపడం మేలు. మొదటిది ఫొటోలో పడుతుంది, రెండోది పడదు.

పూడిక తీయక తప్పని చోట్ల నాదొక విన్నపం. జేసీబీ దిగితే వందల ఏళ్ళ పొరలు ఒక్క పూటలో కలగలిసిపోతాయి, ఆ తర్వాత వాటితో ఎవరికీ పని ఉండదు. మీ ఊరి చెరువుకు అలాంటి పని మంజూరైందని తెలిస్తే, దగ్గర్లోని యూనివర్సిటీలో వృక్షశాస్త్రం వాళ్ళకో, భూగర్భశాస్త్రం వాళ్ళకో ముందే ఒక ఫోను కొట్టండి. మధ్యలో ఒక్క గొట్టం దించుకోవడానికి ఒక్క ఉదయం చాలు. ఎండాకాలం ముదిరే లోపే చెప్పండి, బురద ఎండి గాలి తగిలితే పుప్పొడి పాడైపోతుంది.