ట్రాలీ టైర్లు: వడ్ల సీజన్ ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

ట్రాక్టర్ ట్రాలీ టైర్ పగిలిందంటే అందరూ ముందు ఎండనే తిడతారు. మిర్యాలగూడలో టైర్ల పని చేసేవాడిగా చెబుతున్నా, పగిలి మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పాతబడినవో, గాలి తక్కువై నడిచినవో. కొనేటప్పుడు మాత్రం అందరూ బటనే, అంటే టైర్ మీది రబ్బరు గట్లనే చూస్తారు.

అపోహ: బటన్ నిండుగా ఉంది, ఇంకో రెండేళ్లు ఢోకా లేదు.

లారీ టైర్ అరిగిపోయి మారుతుంది. ట్రాలీ సంగతి వేరు. ఏడాదిలో చాలా నెలలు ఇంటి ముందో, బావి దగ్గరో ఎండలో నిలబడే ఉంటుంది. తిరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, పక్కగోడలు పగుళ్లిస్తాయి. అలాంటి టైర్ మీద యాసంగి కోతలప్పుడు ఒక్కసారిగా పచ్చి వడ్ల లోడ్ పడుతుంది. ఎండిన వడ్ల కన్నా పచ్చివి బరువు. మిల్లు ముందు లైన్ ఉంటే ఆ బరువుతోనే గంటల తరబడి రోడ్డు మీద నిలబడాలి.

అందుకే సీజన్ ముందే రిమ్ము అంచు దగ్గర, బటన్ల మధ్య గాడిలో తడిగుడ్డతో తుడిచి చూడండి. సన్నని గీతలుంటే కనిపెట్టుకుని ఉండాలి. గోరు దిగేంత పగులున్నా, లోపలి నైలాన్ దారం కనిపించినా ఆ టైర్‌కు లోడ్ ఎత్తకండి. పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 1823 అంటే 2023లో 18వ వారం. ఒక పక్క కనబడకపోతే రెండో పక్క చూడండి. ట్రాలీకి వేయడానికి సెకండ్ హ్యాండ్ లారీ టైర్ బేరం చేసేటప్పుడు ముందు ఆ అంకెలు చదివి, తర్వాతే రేటు మాట్లాడండి. ఆరేళ్లు దాటిందైతే బటన్ ఎంత ఉన్నా వడ్ల లోడ్‌కు వేయించొద్దనే నేను చెబుతాను.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గిస్తే టైర్ పేలదు.

దీనివల్లే ఎక్కువ టైర్లు పోతున్నాయి. గాలి తగ్గితే పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగుడుకే లోపల వేడి పుడుతుంది. నైలాన్ పొరలు విడిపోయేది అక్కడే. కంపెనీ పక్కగోడ మీద రాసిన గాలి అంకె, చల్లటి టైర్‌లో పూర్తి లోడ్‌కు పెట్టాల్సింది. పొద్దున్నే బండి తీయకముందు చెక్ చేయించండి. నడిచాక ప్రెషర్ పెరగడం మామూలే, టెన్షన్ పడి వేడి టైర్ నుంచి గాలి తీయకండి.

అపోహ: ప్లై ఎక్కువున్న టైర్ వేస్తే ఎంత లోడైనా లాగొచ్చు.

16 ప్లై అని రాసి ఉన్నంత మాత్రాన లోపల పదహారు పొరలున్నాయని కాదు, అది బలానికి ఇచ్చే రేటింగ్. అయినా టైర్ ఒక్కటే ఓర్చుకుంటే సరిపోదు. ఇరుసు, బేరింగులు, కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) పాతవే కదా!

అపోహ: కొత్త టైర్‌లో పాత ట్యూబ్ సరిపోతుంది.

వాడిన ట్యూబ్ సాగి ఉంటుంది. కొత్త టైర్‌లో పెడితే ఎక్కడో ఒకచోట మడత పడుతుంది, ఆ మడత మీదే రాసుకుని చిరుగుతుంది. ట్యూబ్, ఫ్లాప్ (ట్యూబ్‌కూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) రెండూ కొత్తవే వేయించండి.

ఒకే ఇరుసుకు ఒక పక్క కొత్తది, రెండో పక్క అరిగింది వేయించొద్దు. ఎత్తు తేడాతో ట్రాలీ ఒరిగి, బరువు కిందికున్న పక్క ఎక్కువగా పడుతుంది. టైర్లలో గాలికి బదులు నైట్రోజన్ నింపించాలా అని అడిగేవాళ్లకు ఒకటే మాట: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, ఆ డబ్బుతో గాలి కొలిచే మంచి గేజ్ కొనుక్కోండి.

పత్తి చేనులోకి ట్రాలీ దింపేవాళ్లు కొట్టేసిన కట్టె మోళ్లను చూసుకోవాలి, కొత్త టైర్‌నూ అవి పొడుస్తాయి. ఇక చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ మొదటి లోడ్ దించగానే నట్లు మళ్లీ బిగించండి.