ఇన్ఫెక్షన్ కంట్రోల్: నర్సింగ్ విద్యార్థుల అపోహలు, అసలు వాస్తవాలు

నర్సింగ్ విద్యార్థులకు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నేర్పడం నా పని. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అయిదు సందర్భాలేవో పరీక్షలో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. తీరా వార్డులోకి వెళ్లాక మాత్రం సీనియర్లు ఏం చేస్తే అదే చేస్తారు. కింది అపోహల్లో చాలావరకు అలా చూసి నేర్చుకున్నవే.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే చేతులు కడుక్కోనక్కర్లేదు.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. కొత్త గ్లవ్స్‌లోనూ కంటికి కనబడని చిల్లులు ఉండొచ్చు. పైగా క్రిములు చేతికి అంటుకునేది ఎక్కువగా వాటిని తీసేటప్పుడే. ఇది మాటలతో చెబితే తలకెక్కదు. అందుకే ల్యాబ్‌లో గ్లవ్స్ మీద తడి కుంకుమ పూయించి, రోజూ తీసినట్టే తీసేయమంటాను. మణికట్టు మీద, యాప్రాన్ అంచున ఎర్రటి మరకలు తేలతాయి. అవి చూశాక, పైభాగం చేతికి తగలకుండా లోపలి వైపు బయటికి తిరగేస్తూ ఎలా తీయాలో వాళ్లే అడిగి నేర్చుకుంటారు. తీశాక హ్యాండ్ రబ్ (చేతులకు రుద్దుకునే శానిటైజర్) తప్పనిసరి.

ఒకే జత గ్లవ్స్‌తో మూడు బెడ్లు తిరగడం ఇంకా ఘోరం. ఆ గ్లవ్స్ మిమ్మల్ని కాపాడుతున్నాయేమో, మరి రెండో పేషెంటు సంగతేంటి?

అపోహ: శానిటైజర్ ఉంటే సబ్బుతో పనిలేదు.

చేతులకు మురికి కనబడనప్పుడు ఆల్కహాల్ రబ్ 20 నుంచి 30 సెకన్లు రుద్దితే చాలు, అదే మేలు కూడా. రక్తమో మలమో అంటితే మాత్రం సబ్బూ నీళ్లే, మొత్తం 40 నుంచి 60 సెకన్లు. విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్లను (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలను) ఆల్కహాల్ చంపలేదు. ఏది వాడినా బొటనవేళ్లు, వేళ్ల కొసలు వదిలేయకండి.

అపోహ: రిపోర్టు నెగటివ్ వచ్చింది, ఈ పేషెంటుతో భయం లేదు.

ఇన్ఫెక్షన్ సోకిన తొలిరోజుల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు. జాగ్రత్తలు అందరి దగ్గరా ఒకటే.

అపోహ: మేం విద్యార్థులం, మా వల్ల ఎవరికేం అవుతుంది?

వియన్నాలో 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ గమనించింది సరిగ్గా దీన్నే. శవపరీక్ష గదిలోంచి డాక్టర్లు, వైద్య విద్యార్థులు నేరుగా కాన్పుల వార్డుకు వచ్చేవారు. అక్కడ ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. మే నెలలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించడం మొదలుపెట్టాక, జూన్‌లో అది నూటికి ఇద్దరికి తగ్గింది.

అపోహ: వాడిన సూదికి క్యాప్ పెట్టి పారేయడమే జాగ్రత్త.

సూది గుచ్చుకునేది చాలాసార్లు ఆ క్యాప్ పెట్టేటప్పుడే. క్యాప్ పెట్టకుండా అక్కడికక్కడే హబ్ కట్టర్‌తో (సిరంజి నుంచి సూదిని కోసి వేరుచేసే పరికరం) కోసేయాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూది, గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి, సిరంజి ఎర్ర సంచిలోకి వెళ్లాలి.

ఒకవేళ గుచ్చుకుంటే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. అందరికీ హెచ్‌ఐవీ అంటేనే టెన్షన్. నిజానికి హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి మూడు. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 6 నుంచి 30. అందుకే 0, 1, 6 నెలల మూడు డోసులూ, ఆ తర్వాత నెలా రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్షా పట్టుబట్టి చేయిస్తాను.

హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లోపే మొదలవ్వాలి. 72 గంటలు దాటితే ఇవ్వరు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. ఇంత విలువైన సమయం ఎలా పోతుందంటే, తిడతారని పిల్లలు దాచుకోవడం వల్ల. తోటి టీచర్లకు నా విన్నపం: సూది గుచ్చుకుందని వచ్చి చెప్పిన అమ్మాయిని తిట్టకండి. ఎవరికి ఫోన్ చేయాలో, రాత్రిపూట ఆ మందులు ఏ గదిలో దొరుకుతాయో వార్డు డ్యూటీ మొదటిరోజే ప్రతి విద్యార్థి చేతా నోటుబుక్కులో రాయించండి.