కూలెంట్ ఊరికే తగ్గదు

చిన్నా, పాపా,

మీ నాయన కొన్న డీజిల్ క్యారవాన్‌లో ఈ ఎండాకాలం సెలవులకు గండికోట, బెలూం గుహలు, అహోబిలం తిరగబోతున్నారని విన్నాను. సంతోషం. లోపల మంచాలున్నాయి, పొయ్యి ఉంది, ఏసీ ఉంది అని ఫోన్లో ఒకటే చెప్పారు గానీ ఇంజిన్ మాట ఒక్కరూ ఎత్తలేదు. స్టీరింగు సంగతి మీ నాయన చూసుకుంటాడు, పొద్దున్నే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లగా ఉంచే ద్రవం, చూసే పని మీరు పెట్టుకోండి.

మన అనంతపురంలో మంచు పడదు కదా, కూలెంట్ దేనికి, బిందెడు నీళ్ళు పోస్తే చాలదా అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. గడ్డకట్టకుండా ఉండటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపితే దాదాపు 107 దాకా మరగవు, ట్యాంకు మీద బిగించిన ప్రెషర్ క్యాప్ వల్ల అది 120 కూడా దాటుతుంది. కడప ఎండలో ఏసీ వేసుకొని గువ్వలచెరువు ఘాటు ఎక్కే బరువు బండికి ఆ తేడా చాలా అవసరం. పైగా కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి. మన బోరు నీళ్ళు పోశారనుకోండి, బకెట్ అంచుకు పట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. నీళ్ళు కలపాల్సి వస్తే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే కలపండి. చిక్కగా పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవద్దు, వేడిని బాగా మోసేది నీళ్ళే. డబ్బా మీద రెడీ మిక్స్ అని ఉంటే అసలు నీళ్ళే కలపక్కర్లేదు.

చూడటం సులువే. రాత్రంతా ఆగిన బండి, చదునైన చోట, స్టార్ట్ చేయకముందు. తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు మీద మిన్, మాక్స్ అని రెండు గీతలుంటాయి, కూలెంట్ వాటి మధ్య ఉండాలి. క్యాప్ తీయక్కర్లేదు, బయటినుంచే కనపడుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ క్యాప్ మీద చెయ్యి వేయొద్దు, మీ నాయన వేయబోయినా ఆపండి. విజిల్ రాకముందే కుక్కర్ మూత లాగినట్టే: ప్రెషర్ పోగానే లోపలున్నదంతా ఒక్కసారి మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక కూడా గుడ్డ వేసి, కొంచెం తిప్పి, బుస్సుమనడం ఆగాకే పూర్తిగా తీయాలి. పోసేది కూడా మాక్స్ గీత దాటకూడదు.

రంగు చూసి కొనొద్దు. పచ్చది, ఎర్రది, నీలం అని కంపెనీకో రంగు వేస్తారు, రంగు ఒకటైనంత మాత్రాన లోపలి మందులు ఒకటి కావు. పడని రెండు రకాలు కలిస్తే బంకలాగా తయారై దారులు మూసుకుపోవచ్చు. బండి మాన్యువల్‌లో ఏ రకం రాసుందో అదే. కొన్ని పెద్ద డీజిల్ ఇంజిన్లలో లైనర్ల, అంటే పిస్టన్లు ఆడే ఇనుప గొట్టాల, చుట్టూ నేరుగా కూలెంటే తిరుగుతుంది, లైనర్ అదురుకు చిన్న చిన్న బుడగలు పుట్టి పేలుతూ ఇనుముకు గుంటలు పెడతాయి, దాన్ని ఆపే మందు కూడా సరైన కూలెంట్‌లోనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. కూలెంట్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ళ మీద కొద్దిగా తగ్గితే తగ్గొచ్చు గానీ, నిన్న పోసింది ఇవాళ మళ్ళీ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అప్పుడు డబ్బా కోసం కాదు, టార్చి కోసం పరిగెత్తండి. బండి కింద తడి ఉందా, హోస్ క్లిప్పుల దగ్గర రంగు మరక ఎండిపోయి ఉందా, వాటర్ పంపు కింద చుక్క పడుతోందా, లోపల హీటర్ ఉంటే దాని కింద కార్పెట్ తడిసిందా, అన్నీ చూడండి. బయట ఎక్కడా కనపడకపోతే ఇంకా టెన్షన్ పడాలి, ఎందుకంటే అప్పుడు లోపలికే పోతూ ఉండొచ్చు. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వచ్చినా, ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు, పోయిందన్న అనుమానమే. ఇక ఆ బండి కదలకూడదు, మెకానిక్కే రావాలి.

ఘాటులో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపమనండి, క్యాబిన్ హీటర్ ఉంటే ఫుల్లుగా పెట్టమనండి. ఎండలో హీటరా అని నవ్వకండి, ఇంజిన్ వేడిలో కొంత అటు పోతుంది. అయినా దిగకపోతే పక్కకు ఆపి ఇంజిన్ ఆర్పి, చల్లారేదాకా కూర్చోవాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లనీళ్ళు పోస్తే హెడ్ పగిలే ప్రమాదముంది. కూలెంట్ లేక, చల్లారాక మామూలు నీళ్ళు పోసి ఊరు చేరినా తప్పు లేదు, కానీ తర్వాత అదంతా తీయించి సరైనది పోయించాలి.

కూలెంట్ తియ్యగా ఉంటుంది, అదే దాంతో భయం. కింద ఒలికితే కుక్కలు నాకుతాయి, కొంచెం చాలు కిడ్నీలు పోవడానికి. నీళ్ళతో కడిగి కాలవలోకి తోయకండి, మట్టి చల్లి ఎత్తి కవర్లో కట్టండి. మిగిలింది వాటర్ బాటిల్లో పోసి దాచొద్దు, దాని డబ్బాలోనే మూత బిగించి, వంటసామాను ఉండే వైపు కాకుండా వెనక డిక్కీలో పెట్టండి.

మీ పెద్దనాయన
అనంతపురం